అప్‌డేట్: వంటగది పొగ, చెమ్మ గోడ

నాయనమ్మ ఆయాసంతో పోయాక, పలాస దగ్గర మా పెంకుటింట్లో పొగ, చెమ్మ ఎలా తగ్గించాలని అడిగాను కదా. 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ మొదట కిటికీ పక్కనే పెట్టించాం. అది కిటికీ గాలినే లాగేసి పొగని వదిలేసింది. ఇప్పుడు పొయ్యి వైపు గోడకి, కప్పుకి జానెడు కింద బిగించాం. వంటప్పుడు ఎదురు కిటికీ తెరిచే ఉండాలి. అగరుబత్తి వెలిగించి చూస్తే పొగ తిన్నగా ఫ్యాన్‌ వైపే పోతోంది. జీడి పెంకులు మాత్రం పొయ్యిలో పెట్టడం మానేశాం. వాటి నూనె పొగ గొంతు మండించేస్తుంది, ఏ ఫ్యానూ చాలదు.

చెమ్మ గోడకి వేసిన ప్లాస్టిక్ పెయింట్ బుడగలెత్తింది, లోపలి నీటికి దారి లేక. చెమ్మ గీతకి పైన అడుగు వరకూ పెచ్చులు చెక్కించి, 1:3 సున్నం-ఇసుక పూత వేయించాం. చూరునీళ్ల కాలువ ఇంకా తవ్వించాలి.