అప్‌డేట్: మసకబారిన తాటాకు ప్రతిని చదవగలిగాం

శ్రీకాకుళంలోని మా ఇంటి అటక మీద దొరికిన తాటాకు ప్రతిలో అక్షరాలు కనబడటం లేదని, కృత్రిమ మేధతో చదివించవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనికివచ్చినది, పక్కనుంచి వాలుగా వెలుతురు పెట్టి ఫొటో తీయమన్న సూచనే. అక్షరాలు నల్లగా కనబడేందుకు పూసిన మసి పోయినా, ఆకుపై గీసి రాసే ఘంటపు మొన గాట్లు మిగిలే ఉన్నాయి కనుక నీడల్లో అక్షరాలు తేలాయి. ఆ ఫొటోలను కృత్రిమ మేధ యాప్ చాలావరకు చదివింది గానీ, వలపలగిలకను (పాత రాతలో అక్షరం పక్కన ౯లా పెట్టే, ఆ అక్షరానికి ముందు ‘ర్’గా పలికే గుర్తు) తొమ్మిది అంకె అనుకొని ‘ధమ౯ము’ అన్నది ‘ధర్మము’ అని పోల్చుకోలేకపోయింది. పైగా పురుగు తిన్నచోట తనకు తోచిన మాటలు అతికించింది. వాటికి యతి కూడా కుదరలేదని ప్రాచీన లిపి తెలిసిన పండితుడొకరు కొట్టివేశారు.

క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం పేలుడుకు బొగ్గయిన హెర్క్యులేనియం పట్టణపు పపైరస్ రాతచుట్టలకు వాడే సీటీ స్కాన్ మా ప్రతికి అక్కరలేకపోయింది. అవి విప్పలేనివి, మావి విడి ఆకులు. అక్షరాలు తేలడానికి ఆకులకు నూనె, మసి పూయడం మాత్రం ఇంట్లో ప్రయత్నించవద్దని ఆ పండితుడు గట్టిగా చెప్పారు.