సైన్యంలో చేసిన నాన్నగారి గురించి ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి? ఆయన పతకాలు, ఉత్తరాలు ఎలా దాచాలి?

ప్రశ్న
నాన్నగారు ఈమధ్యే పోయారు. సైన్యం నుంచి వచ్చాక ఇల్లే లోకంగా బతికిన మనిషి. సంస్మరణ సభలో ఐదు నిమిషాలు చదవడానికి రాయాలి. డిశ్చార్జి కాగితాలు, నల్లబడ్డ మూడు పతకాలు, అమ్మకు రాసిన ఉత్తరాల కట్ట, ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫోటో ఒకటి ఉన్నాయి. పతకాలు తోమించి గోడకు పెడదామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1
ముందు ఆ తోమే పని ఆపండి. పాలిష్‌లో ఉండే సన్నటి గరుకు పొడి ప్రతిసారీ కాస్త లోహాన్ని అరగదీస్తుంది. కొన్ని పతకాల అంచు మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. మొదట అరిగేవి అవే. భూతద్దం పట్టుకుని అంచు చుట్టూ చూడండి. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడిస్తే చాలు, నలుపు ఉండనివ్వండి.

గోడకు పెట్టాలంటే ఎండ తగలని గోడ చూడండి, వెలుతురుకి రిబ్బను రంగు పోతుంది. ఉన్ని గుడ్డ మీద పెట్టొద్దు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పీవీసీ ప్లాస్టిక్ కవరులో రాగి, కంచు పచ్చగా చిలుముపడతాయి.

జవాబు 2
రాసే సంగతి. తారీఖులు, యూనిట్, ర్యాంకు డిశ్చార్జి కాగితాల నుంచే తీసుకోండి, చుట్టాల నోటి మాట నుంచి కాదు. ఫలానా పోరాటానికి ఇచ్చిన పతకం ఉందంటే ఆ కాలంలో సేవలో ఉన్నారని అర్థం. ముందువరసలో కాల్పులు జరిపారని కాదు. రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సభలో ఆయనతో పనిచేసినవాళ్లుంటే ఇట్టే పట్టేస్తారు.

ఇంట్లోవాళ్లను "ఎలాంటివారు?" అని అడిగితే "చాలా మంచివారు" అంటారు, అక్కడితో అయిపోతుంది. "పొద్దున లేవగానే మొదట ముట్టుకునే వస్తువేమిటి?", "ఏది పారేయనిచ్చేవారు కాదు?" అని అడగండి. "క్రమశిక్షణ గల మనిషి" అన్న ముక్క ఎవరికైనా సరిపోతుంది. "రాత్రి బూట్లు తుడిచి, మడమలు గోడకు ఆనించి, లేసులు లోపలికి దోపి పడుకునేవారు" అంటే మాత్రం ఆ ఇంటి మనిషే కనిపిస్తాడు. అలాంటివి మూడు దొరికితే చాలు. సైన్యానికి మూడో వంతు, మిగతాది ఇంటికి.

ఐదు నిమిషాలంటే 400 మాటలు మించనివ్వకండి. గొంతు పట్టేస్తుంది, మధ్యలో ఆగాల్సి వస్తుంది. పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే అచ్చు వేయించి, ఇంకో ప్రతి పక్కనున్నవాళ్ల చేతికివ్వండి. మనవల పేర్లు ఇద్దరి చేత సరిచూపించండి; ఒక్క పేరు జారినా ఏళ్ల తరబడి వినాల్సి వస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతిలో సర్వీసు నంబరు, పూర్తి పుట్టిన తేదీ తీసేయండి, వాటితో మోసాలు చేసేవాళ్లున్నారు.

జవాబు 3
ఉత్తరాలకు లామినేషన్ వద్దు, టేపు వద్దు. రబ్బరు బ్యాండు, ఇనప క్లిప్పులు తీసేయండి, తుప్పు మరక పోదు. కవర్లు పారేయకండి. యుద్ధకాలపు ఉత్తరాల్లో ఊరి పేరు రాయనిచ్చేవారు కాదు. తారీఖు, చోటు కవరు మీది తపాలా ముద్ర వల్లే తెలియవచ్చు. ఉత్తరాన్ని, దాని కవరును కలిపే ఉంచండి. సిరా వెలిసినా రంగుల్లోనే స్కాన్ చేయండి: కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని, స్కానరు సెట్టింగుల్లో ఉంటుంది), ఫోటోలకు 600.

ఫోటోలో పతకాలు కుడి ఛాతీ మీద ఉంటే బొమ్మ తిరగబడిందేమో చూడండి, సొంత పతకాలు మామూలుగా ఎడమవైపే పెట్టుకుంటారు. చొక్కా గుండీలు, పేరు పట్టీ కూడా చూస్తే తేలిపోతుంది. రిబ్బన్లు రెండే కనిపిస్తే మూడోది అప్పటికింకా రానట్టే అనుకోవచ్చు. ఫోటో ఏ ఏళ్లదో అంచనాకు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
మరి అద్దానికి అంటుకున్న ఫోటో? తడిపితే ఊడుతుందంటున్నారు.

జవాబు 3
తడపొద్దు, లాగొద్దు. అంటుకుంది బొమ్మ ఉన్న జిగురు పొరే, లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఫ్రేము విప్పి, అద్దం పైవైపు మాత్రం తుడిచి, అద్దంతో సహా స్కానరు మీద బోర్లించండి. మసకగా వస్తే నిటారుగా నిలబెట్టి, రెండు పక్కల నుంచీ ఏటవాలుగా వెలుతురు పడేలా చేసి కెమెరాతో తీయండి, ఫ్లాష్ లేకుండా. అసలు ఫోటోను అద్దంతోనే దాచండి.