ఒక్క ఆటే ఉంచుకోమంటే: మారియోనా, కాంట్రానా, ట్యాంకులాటా?

కాలవగట్టు (మండపేట)
సంక్రాంతికి ఇంటికెళ్లి అటక సర్దుతుంటే చిన్నప్పటి వీడియో గేమ్ సెట్టు దొరికిందండి. నింటెండో వాడి ఫ్యామికామ్‌కి నకలు. క్యాసెట్ మీద 9999 ఆటలని ఉంటుంది, లోపల చూస్తే ఓ ఇరవయ్యో ముప్పయ్యో. మిగతావన్నీ అవే ఆటలు, వేరే స్టేజీ నుంచి మొదలవుతాయి, అంతే. భోగి పొద్దున్న మొదలెట్టి కనుమ రాత్రి దాకా మా అన్నయ్యకీ నాకూ ఒకటే వాదన. వీటిలో ఒక్కటే ఉంచుకుని మిగతావన్నీ గోదాట్లో కలిపెయ్యమంటే ఏది ఉంచుకోవాలి?

నా ఓటు సూపర్ మారియోకి. 1985లో వచ్చింది. ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే మన మావయ్యలు పంపే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకంటే పెద్దది. ఆ కాస్త చోట్లో 32 లెవెళ్లు పట్టించాడు. చోటు చాలక మేఘం బొమ్మకే పచ్చరంగు పూసి పొద కింద వాడుకున్నాడు. ఇక మొదటి లెవెల్ చూడండి, ఒక్క ముక్క రాయకుండా ఆటంతా నేర్పేస్తాడు. ఎదురుగా ఒకటి నడుచుకుంటూ వస్తుంది, ఊరుకుంటే చస్తాం. రెండోసారి ఎగురుతాం, తల పైనున్న పెట్టెకి తగిలి నాణెం రాలుతుంది. ఏబీసీడీలు రాని ఏడేళ్లవాణ్ణి, నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండా వచ్చేసింది.

చందువా (పాలకొల్లు)
కాంట్రా. ఇంకేం చర్చ అక్కర్లేదు.

బొబ్బర్లు
కాంట్రాకే నా ఓటూనూ.

పంటురేవు (రాజోలు దగ్గర)
బ్యాటిల్ సిటీ. మనందరం ట్యాంకులాట అనేవాళ్లం. నామ్‌కో వాళ్లు 1985లో తెచ్చారు, మారియో వచ్చిన ఏడే. 35 స్టేజీలు, స్టేజీకి 20 శత్రు ట్యాంకులు, కింద ఇటుకల మధ్య మనం కాపాడాల్సిన గద్ద, దానికి గుండు తగిలితే ఆట అయిపోయినట్టే. మూడు చుక్కలు తింటే ఇనుప గోడలూ పగులుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు. కన్‌స్ట్రక్షన్‌లోకి వెళ్లి మన స్టేజీ మనమే కట్టుకోవచ్చు. కరెంటు పోతే కట్టిందంతా పోయేదనుకోండి, మన కరెంటు సంగతి తెలిసిందేగా.

పూతరేకు
మీరు పులసనీ పూతరేకునీ ఒకే విస్తట్లో పెట్టి ఏది రుచి అని అడుగుతున్నారు. ఒకటి గెంతేది, ఒకటి కాల్చేది, ఒకటి కాపలా కాసేది. ఎలా పోలుస్తారు?

కాలవగట్టు
అందుకేగా ఒక్కటే ఉంచుకోమన్నది. రెండూ తినే వీల్లేదు మరి.

చందువా
సరే, చెప్పక తప్పేలా లేదు. కొనామీ వాళ్ల కాంట్రా ఇంటి సెట్లలోకి 1988లో వచ్చింది. ఎనిమిది స్టేజీలు. ఒక్క గుండు తగిలితే ఒక లైఫ్ పోతుంది, ఉన్నవి మూడే. మొదటి స్టేజీ పక్కనుంచి చూస్తాం, రెండోది సొరంగంలోకి, మూడోది జలపాతం మీదకి ఎక్కడం. మూడు రకాల ఆటలు ఒకే క్యాసెట్‌లో. ఎస్ అక్షరం తుపాకీ దొరికాక అయిదు గుండ్లు విసనకర్రలా విచ్చుకుంటూ వెళ్తుంటే ఆ సుఖం మీ మారియో తినే పుట్టగొడుగుల్లో ఉందా? కాకపోతే ఒక షరతు. బటన్లు ఒక వరసలో నొక్కితే వచ్చే ఆ 30 లైఫ్‌ల కోడ్ కొట్టి ఆడినవాడు కాంట్రా ఆడినట్టు కాదు. వాడి ఓటు నేను లెక్కెయ్యను.

బొబ్బర్లు
పైకి పైకి కిందకి కిందకి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ స్టార్ట్. నా కూతురి ఫోన్ నంబరు గుర్తుండదు గానీ ఇది మాత్రం పోదు.

చందువా
చూశారా, మీ ఓటు పోయింది.

కాలవగట్టు
చందువా గారూ, ఆ కోడ్ పెట్టింది ఆట చేసినవాళ్లేనండి. కొనామీలో హషిమోటో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే విమానాల ఆటని ఇంటి సెట్టుకి మారుస్తూ, అది మరీ కష్టంగా ఉండి పరీక్షించడం తనవల్లే కాక, తన సౌకర్యానికి పెట్టుకున్నాడు. తర్వాత తీసేయడం మరిచిపోయాడు. అదే కోడ్ కాంట్రాకీ వచ్చింది. చేసినవాడికే చేతకానిది మనం మూడు లైఫ్‌లతో ఆడాలా?

చందువా
వంటవాడు ఉప్పు చూడ్డానికి గరిటెడు నోట్లో వేసుకుంటాడు. అలాగని పంక్తిలో కూర్చున్నవాళ్లు కూడా గరిటె పట్టుకుని గుండిగ దగ్గరికి వస్తారా? పరీక్షకి పెట్టింది పరీక్షకే.

డిండిగాలి
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. డక్ హంట్ తుపాకీ కొత్త టీవీలో పనిచేయట్లేదు. ఒక్క బాతూ పడట్లేదు, కుక్క నవ్వుతోంది. తుపాకీ పాడైందంటారా?

పంటురేవు
తుపాకీ బాగానే ఉండి ఉంటుంది. మీరు ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి పెట్టె మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న కన్ను ఆ మెరుపుని చూస్తుంది. గుండ్లు తుపాకీలోంచి పోవు, వెలుగు తుపాకీలోకి వస్తుంది. అది పాత డబ్బా టీవీ వేగానికి లెక్కకట్టి చేసింది. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ పడే పద్ధతీ సమయమూ వేరు.

చందువా గారూ, కోడ్ గొడవ మీరూ మీరూ తేల్చుకోండి. ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చని నేనంటే కాలవగట్టు గారు దానికి ఏమీ అనలేదు. మారియోలో ఇద్దరు ఆడటం అంటే ఏమిటి? మారియో చస్తేనే రెండోవాడి బొమ్మ లూయిజీ వస్తాడు. పక్కవాడికి ఆట వచ్చినకొద్దీ మనకి ఆట రాదు.

కాలవగట్టు
వంతులవారీగా ఆడటం కూడా ఆటేనండి. కారమ్స్ అంతే కదా.

పంటురేవు
కారమ్స్‌లో పక్కవాడు ఎంత మొనగాడైనా కాయ పడకపోతే వంతు వస్తుంది. మారియోలో మా అన్నయ్యలాంటివాడు ఒక్క లైఫ్‌తో గంటసేపు ఆడతాడు. నేను రెండో రిమోట్ ఒళ్లో పెట్టుకుని చూస్తుంటాను. ఆ రెండో రిమోట్‌కి స్టార్ట్ బటన్ కూడా ఉండదు.

కాలవగట్టు
ఎందుకుండదండీ? రెండు రిమోట్లూ ఒకటే.

పంటురేవు
ఒకటి కాదు. అసలు ఫ్యామికామ్‌లోనే రెండో రిమోట్‌కి స్టార్టూ సెలెక్టూ లేవు. వాటి బదులు చిన్న మైకు పెట్టాడు. మనకొచ్చిన నకళ్లలో చాలావాటికి మైకూ లేదు, బటన్లూ లేవు.

కాలవగట్టు
మా సెట్టుకి ఉన్నాయి. నాకు బాగా గుర్తు.

పంటురేవు
లేవు. మొదటి రిమోట్ పట్టుకున్నవాడికి గుర్తుండదు.

బొబ్బర్లు
ఒక బటన్ కోసం ఇంత టెన్షన్ ఎందుకండీ బాబూ. రోడ్ ఫైటర్, ఆ కార్ల ఆట గురించి ఎవరైనా మాట్లాడండి. ఎక్కడా గుద్దకుండా పోతుంటే పక్కనుంచి ఎగురుకుంటూ ఒకడు వచ్చేవాడు, గుర్తుందా?

చందువా
పంటురేవు గారూ, అడిగింది ఏ ఆట గొప్పదని. మీ అన్నయ్య మీకు రిమోట్ ఇవ్వలేదని కాదు. ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోండి.

పంటురేవు
ఇంటి గొడవే. వినండి అయితే. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఅవుట్, గ్యాస్ బావి అంటుకుంది, గుర్తుందా? మా ఊరు ఆ మంటకి ఎంత దగ్గరంటే రాత్రిళ్లు కూడా వాకిట్లో నీడ పడేది. సామాన్లు కట్టుకుని అమలాపురంలో మా పెదనాన్న గారింటికి వెళ్లిపోయాం. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 65 రోజులూ వాళ్లింట్లో తిన్నాం. ఆ ఇంట్లోనే సెట్టు. ఇంటివాడు మా అన్నయ్యది మొదటి రిమోట్, చుట్టంగా వచ్చినవాడిది రెండోది. మారియో పెట్టేవాడు, చచ్చేవాడు కాదు. ట్యాంకులాటలో నేను గెలిచేలా ఉంటే స్టార్ట్ నొక్కి ఆపేసి మంచినీళ్లకి పోయేవాడు. మాట్లాడితే "మా ఇల్లు" అనేవాడు. మా అమ్మ వంటింట్లోంచి కళ్లతోనే ఊరుకోమనేది.

ఒకరోజు నేను ట్యాంకు వెనక్కి తిప్పి మా గద్దనే కొట్టేశాను. ఆట అయిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ కొట్టాను. నా రిమోట్‌కి ఆట ఆపే బటన్ లేదు గానీ గద్దని కొట్టే గుండు ఉంది కదా. మూడోసారికి "ఏం కావాలిరా నీకు?" అన్నాడు. ఆ మాట మారియోలో వాడి చేత అనిపించగలనా?

కాలవగట్టు
మీరు ఆట పాడుచేసి అదే గొప్ప అంటున్నారు.

చందువా
ఇదే నేను చెప్పేది. కోడ్ కొట్టేవాళ్లూ ఇంతే, గద్దని కొట్టేవాళ్లూ ఇంతే. ఆట నియమం నచ్చకపోతే ఆడకు. అంతేగానీ

పంటురేవు
నీకేం నొప్పి మధ్యలో? ఆ కోడ్ ఏమైనా మీ ఆస్తి తీసుకుపోయిందా?

చందువా
తీసుకుపోయింది. నువ్వు అన్నావు కాబట్టి చెప్తున్నా. మా నాన్న వీధి గదిలో రెండు టీవీలు పెట్టి గేములు ఆడించేవాడు. ఆటకి రూపాయి. మూడు లైఫ్‌లు అయిపోతే లేవాలి, ఇంకోడు కూర్చోవాలి. కాంట్రాకి అయిదారు నిమిషాల్లో లేచేవాళ్లు. ఎవడో కాలేజీ కుర్రాడు కోడ్ చీటీ మీద రాసి అందరికీ పంచాడు. ఇక రూపాయికి గంట, గంటన్నర. బయట నిలబడ్డవాళ్లు చూసి చూసి వెళ్లిపోయేవాళ్లు. గంట లెక్క పెడితే ఎవరూ రాలేదు. నేను తలుపు దగ్గర కూర్చుని వేళ్లు చూసేవాణ్ణి, ఎవరైనా పైకి పైకి నొక్కుతున్నారేమోనని. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఏడాది తిరక్కుండా రెండు సెట్లూ అమ్మేశాం. ఆ మూడు లైఫ్‌లే మాకు అన్నం పెట్టాయి. మీకది సరదా.

బొబ్బర్లు
అయ్యో. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా అండి.

పంటురేవు
మీ నాన్నగారి కష్టం కాదనను. కానీ రూపాయి ఉన్నవాడికి ఆరు నిమిషాలు. లేనివాడు కిటికీ దగ్గర. కిటికీ దగ్గరున్నవాడికి ఆ చీటీ ఏమిటో మీకు తలుపు దగ్గర కూర్చుంటే తెలియదు.

చందువా
కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లని మా నాన్న ఏనాడూ తరమలేదు.

పూతరేకు
ఒకటి అడగనా చందువా గారూ? ఆ గదిలోకి ఆడపిల్లలు వచ్చేవాళ్లా?

చందువా
రావద్దని ఎవరూ అనలేదండి.

పూతరేకు
రమ్మని కూడా అనలేదు కదా. ఒకరు మొదటి రిమోట్, ఒకరు రెండో రిమోట్, ఒకరు తలుపు, ఇంకొకరు కిటికీ. మాకు కిటికీ కూడా లేదు. మా తమ్ముడు వెళ్లొచ్చి అన్నాలప్పుడు కథలా చెప్పేవాడు, జలపాతం స్టేజీలో పైవాడు తొందరపడి ఎక్కేస్తే తెర జరిగిపోయి కిందవాడు చచ్చిపోతాడట అని. కాంట్రా నేను విన్నాను, చూడలేదు.

నా ఆట టెట్రిస్, పైనుంచి పడే ముక్కల్ని వరసల్లో పేర్చేది. అదీ టీవీలో కాదు, చేతిలో పట్టుకునే బ్రిక్ గేమ్‌లో. ఎదుర్లంక వంతెన రాకముందు మా అమ్మమ్మగారి ఊరికి యానాం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటేవాళ్లం. పంటు కోసం గంటలు కూర్చోవాలి. మా నాన్న తీర్థంలో కొనిచ్చాడు. దానికి రెండో రిమోట్ లేదు, వంతు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ఆయన చేశాడని చాలా ఏళ్లకి తెలిసింది. దానికి చివర ఉండదు అనుకునేదాన్ని. 2024 జనవరిలో వార్త చూశారా? నింటెండో టెట్రిస్‌ని అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడు ఆడి ఆడి 157వ లెవెల్ దగ్గర ఆటే బిగుసుకుపోయేలా చేశాడు. మనిషి అంతదాకా వెళ్లడం అదే మొదలట. ఆ వీడియో మా తమ్ముడికి పంపాను. ఈసారి కథ నేను చెప్పాను.

డిండిగాలి
అక్కా, టెట్రిస్‌కి నా ఓటు. తుపాకీ సంగతి చెప్పినందుకు పంటురేవు గారికి థాంక్స్. పాత డబ్బా టీవీ ఎక్కడైనా దొరుకుతుందా?

కాలవగట్టు
నేను ఆటల గురించి అడిగాను. మీరందరూ ఎవరింట్లో సెట్టుందో దాని మీద పడ్డారు. సెట్టు మాది కావడం నా తప్పా? మా అన్నయ్యా నేనూ సమానంగానే ఆడుకున్నాం.

పంటురేవు
అన్నయ్యా మీరూ సరే. ఎదురింటి పిల్లలు?

పంటురేవు
అది వదిలేయండి. సెట్టు మీ దగ్గరే ఉంది కదా, రెండో రిమోట్ తీసి చూడండి.

కాలవగట్టు
చూస్తాను. ఉంటే మీరు మారియోకి ఓటెయ్యాలి.

పంటురేవు
వేస్తాను.

బొబ్బర్లు
రాత్రి పది దాటింది, అటకెక్కాడంటారా?

కాలవగట్టు
చూశాను. మొదటిదానికి మధ్యలో రెండు బటన్లున్నాయి. రెండోదానికి ఆ చోట నున్నగా ఉంది. ఒట్టి ప్లాస్టిక్.

మా అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఇన్నాళ్లకి చూశావా" అన్నాడు. నేను చిన్నవాణ్ణని ఏడిస్తే ఎప్పుడూ మొదటిది నాకే ఇచ్చేవాడట. నాకసలు గుర్తు లేదు.

ఓటు మాత్రం మారియోకే.

పంటురేవు
మీ అన్నయ్య గారి ఓటు దేనికో అడిగారా?

కాలవగట్టు
మూడు రోజులుగా చెప్తూనే ఉన్నాడండి, ట్యాంకులాట అని.

చందువా
ఆ సెట్టు అడాప్టర్ పనిచేస్తోందా? మా దగ్గర క్యాసెట్ ఒక్కటి మిగిలింది, కాంట్రా. పెట్టి చూద్దామంటే సెట్టు లేదు. ఆదివారం మండపేట వస్తున్నాను.

కాలవగట్టు
రండి. కోడ్ కొడితే గొడవపడరుగా?

చందువా
మూడు లైఫ్‌లే.