రోజువారీ ప్రొటీన్‌కు సేటాన్‌ను నమ్ముకోవచ్చా?

పిండిముద్ద:
మాంసం మానేద్దామనుకునేవారికి నేను మొదట చెప్పే పేరు సేటాన్. గోధుమపిండి ముద్దను నీళ్లలో పిసుకుతూ పోతే పిండిపదార్థం పాలలా తెల్లగా దిగిపోతుంది. చేతిలో సాగే జిగురుముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. దాన్ని సన్నని సెగ మీద, మసాలా వేసిన నీళ్లలో ఉడికిస్తే నమిలే తీరులో మాంసానికి చాలా దగ్గరగా వస్తుంది. చైనా, జపాన్ బౌద్ధ మఠాల వంటల్లో గ్లూటెన్ వాడకం ఎంతో పాతది. ఎండు గ్లూటెన్ పొడిలో నూటికి 75 పాళ్ల వరకు ప్రొటీనే, కొవ్వు చాలా తక్కువ, కొలెస్ట్రాల్ అసలు లేదు. మాంసం స్థానంలో రోజూ దీన్నే తింటే తప్పు లేదని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

లెక్కలమనిషి:
కారణం ఒక్క మాటలో, లైసిన్. ప్రొటీన్ ఎంత ఉందన్నది సగం లెక్క. ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో శరీరం సొంతంగా తయారు చేసుకోలేనివి అందులో ఎంత ఉన్నాయన్నది మిగతా సగం, లైసిన్ అలాంటిదే. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల లైసిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నివేదిక చెబుతుంది. 60 కిలోల మనిషికి 1,800 మిల్లీగ్రాములు. వండిన సేటాన్ వంద గ్రాముల్లో 20 గ్రాముల ప్రొటీన్ ఉందనుకున్నా లైసిన్ 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. అంటే ఇదొక్కటే ఆధారమైతే రోజుకు అరకిలో తినాలి. జీర్ణమయ్యే తీరును, అమైనో ఆమ్లాల పొందికను కలిపి ప్రొటీన్‌కు మార్కులు వేసే పద్ధతి ఉంది. అందులో సోయా ప్రొటీన్‌కు 1కి దగ్గరగా వస్తే గోధుమ గ్లూటెన్‌కు వచ్చేది 0.25. డబ్బా మీద ప్రొటీన్ అంకె చూసి మాంసంతో సమానం అనుకోవడం ప్రమాదకరం.

నిత్యశాకాహారి:
లెక్క సరైనదే, కానీ అది ఎవరికి వర్తిస్తుంది? రోజంతా గోధుమ తప్ప మరొకటి ముట్టనివారికి. ఉడికిన మసూర్ పప్పు వంద గ్రాముల్లో 600 మిల్లీగ్రాములకు పైగా లైసిన్ ఉంటుంది. సేటాన్ తినే రోజునే రెండు పూటలా పప్పో చిక్కుడు గింజలో తింటే మీరు చెప్పిన లోటు చాలావరకు తీరిపోతుంది. రెండూ ఒకే పూట తినాల్సిన పని కూడా లేదు, ఆ రోజులో ఎప్పుడు తిన్నా చాలు. పైగా సోయా పడనివారి సంగతి ఆలోచించండి. మార్కెట్లో ఉన్న మాంస ప్రత్యామ్నాయాల్లో చాలావాటికి సోయానే ఆధారం. అలాంటివారికి మిగిలే కొద్ది దారుల్లో సేటాన్ ఒకటి. ఉడికించే నీళ్లలో మామూలుగా వేసే సోయా సాస్‌ను ఇంట్లో చేసుకుంటే మానేయవచ్చు, కొన్నది అయితే చీటీ చదవాలి.

గోధుమకుదూరం:
ఈ చర్చలో మా మాట ఇంకా రాలేదు. ప్రపంచ జనాభాలో ఇంచుమించు ఒక శాతం మందికి సీలియాక్ వ్యాధి, అంటే గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు, ఉంటుంది. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె ఈ జబ్బుకు గోధుమతో ఉన్న సంబంధాన్ని 1950లో తన పరిశోధన గ్రంథంలో చూపించాడు. గ్లూటెన్ రహితం అని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. సేటాన్ అంటే ఆ గ్లూటెన్‌నే ముద్దగా తినడం. మాకు ఇది కొంచెం తగ్గించి తినవలసిన పదార్థం కాదు, అదే గిన్నెలో వండిన మరో కూర కూడా తినలేం. గోధుమ అలర్జీ ఉన్నవారికీ ఇది నిషిద్ధమే. అనుమానం ఉన్నవారికి ఒక విన్నపం. రక్తపరీక్షకు ముందే గోధుమ మానేయకండి. మానేస్తే ఆ పరీక్ష వెతికే యాంటీబాడీలు (ఈ జబ్బులో రక్తంలో కనిపించే ప్రొటీన్లు) తగ్గి, జబ్బు ఉన్నా లేనట్టు ఫలితం వచ్చే వీలుంది. ముందు పరీక్ష, తర్వాతే మార్పు.

పిండిముద్ద:
ఇది అందరూ చదవవలసిన మాట. నా వాదన గోధుమ పడేవారి వరకే. మరొక సందేహం ఉంది. సీలియాక్ లేదని పరీక్షలో తేలినా, గోధుమ రొట్టె తింటే కడుపు ఉబ్బరించేవారు ఉంటారు. వారి మాటేమిటి?

లెక్కలమనిషి:
అలాంటివారిలో చాలామందికి ఇబ్బంది గ్లూటెన్‌తో కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థంతో. అది నీళ్లలో కరుగుతుంది. ముద్దను కడిగినప్పుడు చాలావరకు ఆ తెల్ల నీళ్లతోనే పోతుంది. అందుకే రొట్టె పడని కడుపుకు సేటాన్ పడవచ్చు. అయితే ఉడికించే నీళ్లలో ఉల్లి, వెల్లుల్లి వేస్తే కడిగి పోగొట్టిన ఫ్రక్టాన్ మళ్లీ వచ్చి చేరుతుంది. చాలా వంటకాల్లో ఆ రెండూ తప్పకుండా ఉంటాయి, అక్కడే చిక్కు.

ఉప్పుతగ్గించు:
నాకు ప్రొటీన్ కంటే పెద్ద బెంగ ఉప్పు. గ్లూటెన్‌కు సొంత రుచి లేదు, రుచంతా ఉడికించే నీళ్లదే. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. రోజంతటికీ 2,000 మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, రక్తపోటు ఉన్నవారు ఒక్క పూటలోనే సగం ఖర్చు పెట్టేస్తారు. ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీరు, టమాటా గుజ్జు, మిరియాలు వాడితే సాస్ సగానికి తగ్గించినా రుచి నిలుస్తుంది. పిండిపదార్థాలు తగ్గించి తినేవారికి మాత్రం సేటాన్ నిజంగా అనుకూలం, ఆ విషయంలో నాకు అభ్యంతరం లేదు.

నిత్యశాకాహారి:
పాలు, గుడ్లు కూడా ముట్టని పూర్తి వీగన్లయితే విటమిన్ బి12 కూడా గుర్తుంచుకోండి, గ్లూటెన్‌లో అది లేదు. మాత్ర రూపంలోనో, బి12 కలిపి అమ్మే ఆహారం నుంచో తీసుకోవాల్సిందే.

లెక్కలమనిషి గారూ, లైసిన్ బెంగ తగ్గించే ఉపాయం వంటలోనే ఉంది. గ్లూటెన్ పొడిలో నాలుగో వంతు శనగపిండి కలిపి ముద్ద చేయండి. లైసిన్ కొంత పెరుగుతుంది, రబ్బరులా సాగే గుణం తగ్గి ముక్క మెత్తబడుతుంది. శనగపిండి మరీ ఎక్కువైతే ముద్ద పట్టు తప్పి ఉడికేటప్పుడు అంచులు విడిపోతాయి. అలాంటప్పుడు నీళ్లలో వేయకుండా గుడ్డలో చుట్టి ఆవిరి మీద ఉడికించడం మేలు.