విజువల్ నావెల్ గేమ్ నాలుగో చాప్టర్‌లో మరీ సాగదీసినట్టుంది, ఎలా సరిచేయాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మూడేళ్లుగా రెన్‌పై అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక తెలుగు విజువల్ నావెల్ చేస్తున్నాను, అంటే క్లిక్ చేస్తూ కథ చదువుతూ, మధ్యమధ్యలో ఛాయిస్‌లు ఎంచుకుంటూ ఆడే గేమ్. 9 చాప్టర్లు వదిలాను, కథ ఇంకా సగంలోనే ఉంది.

కథ రొట్టెల పండుగలో మొదలవుతుంది. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడిన హీరోయిన్ ఏ రొట్టె పట్టుకోవాలో ఆడేవాళ్లే ఎంచుకోవాలి: చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. అక్కడిదాకా అందరికీ నచ్చింది.

చిక్కంతా నాలుగో చాప్టర్‌తోనే. మొన్న మా పిన్ని కూతురు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. హీరోయిన్, వాళ్ల నాన్న అరుగు మీద మాట్లాడుకునే సీన్‌లో వరసగా 180 క్లిక్కులున్నాయి, ఒక్క ఛాయిస్ కూడా లేదు. 70 దాటాక తను చదవడం మానేసి టకటకా నొక్కుకుంటూ పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. కథకు ఆ సీనే ఆయువుపట్టు, తీసేయలేను. మధ్యలో చిన్న ఛాయిస్‌లు పెడదామంటే, కథను మార్చనివి పెట్టడం ఆడేవాళ్లను మోసం చేయడమే అనిపిస్తుంది. రెండుగా విడగొట్టి నడుమ వేరే సీన్ పెడితే వేడి తగ్గదా?

ఇంకొకటి. మొదట్లో పట్టుకున్న రొట్టె ప్రభావం ఎనిమిదో చాప్టర్‌లో గానీ కనిపించదు. చాప్టర్‌కీ చాప్టర్‌కీ మధ్య మూడు నెలలు పడుతోంది కాబట్టి అప్పటికి చాలామంది మర్చిపోతున్నారు. ముందుగానే ఒకటి రెండు చోట్ల గుర్తు చేయాలా, లేక ప్రతి చాప్టర్ మొదట్లో జరిగిన కథ చెబితే సరిపోతుందా?

ఇలాంటి పొడవాటి గేములు చేసినవాళ్లు, ఆడినవాళ్లు చెప్పండి. మీరు ఏ చోట ఆపేశారు, ఎందుకు ఆపేశారు?