‘బర్న్‌ఔట్’ని ప్రేమకథలో ఏమనాలి: మండిందా, డస్సిందా, ఓపిక పోయిందా?

బెజవాడ నుంచి ప్రశ్న:
సరదాగా సాగే ప్రేమకథ. నాయిక బెంజిసర్కిల్ దగ్గర ఆఫీసులో టీమ్ లీడ్. నాయకుడు ఆటోనగర్లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. “పనితో ఆమె లోలోపల మండిపోయింది” అన్న వాక్యం ఎంత చదివినా అతకడం లేదు. బర్న్‌ఔట్‌కి, అంటే తెగని పని ఒత్తిడితో మనిషి లోపల అరిగిపోవడానికి, సరైన తెలుగు మాట చెప్పగలరా?

గుంటూరు నుంచి:
‘మండిపోయింది’ వద్దండీ. తెలుగులో ఒళ్ళు మండితే కోపం, కడుపు మండితే ఉక్రోషం. అలసట అందులో ఎక్కడా లేదు. ఆ వాక్యం చదివినవాళ్ళు ఆమె ఇప్పుడు మేనేజరు మీద విరుచుకుపడుతుందని ఎదురుచూస్తారు.

అలసటకు మనకు పోతన గజేంద్రుడున్నాడు: “లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్”. ఇక్కడ లావంటే బలం, డస్సడమంటే అలసి సొలసిపోవడం. ముందు బలం పోయింది, తర్వాత ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి. ఎంత చక్కని వరసో చూడండి! ఇందులోంచి ‘డస్సిపోవు’ తీసుకోండి.

తెనాలి నుంచి:
డస్సడం ఒంటి సంగతి. బర్న్‌ఔట్‌లో అది మూడో వంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా పెట్టారు. లక్షణాలు మూడు: సత్తువ హరించుకుపోవడం, పని మీద మనసు విరగడం, చేసే పనిలో పస తగ్గడం.

రెండోదానికి ‘వేసారు’ బాగుంటుంది. ‘విసిగి వేసారి’ అని జంటగా వింటాం కానీ, నా చెవికి రెండూ ఒకటి కావు. విసిగిన మనిషి ఇంకా మాటకు మాట అంటుంది. వేసారిన మనిషి అనడమే మానేస్తుంది. మూడోదానికి మాట వెతక్కండి, పని చూపించండి: పది నిమిషాల మెయిలుకు గంట పట్టడం, పంపాక మళ్ళీ తెరిచి తప్పులు వెతకడం.

బెజవాడ నుంచి:
కథనంలో సరే. సంభాషణలో ‘డస్సిపోయానండీ’ అంటే పద్యనాటకం అయిపోదూ?

గుంటూరు నుంచి:
అవుతుంది. నోటిమాటకు ‘ఓపిక’ ఉందిగా! ‘ఓపు’ నుంచి వచ్చింది. మన వైపు దానికి సత్తువ, ఓర్పు రెండూ అర్థాలే. “మెట్లెక్కే ఓపిక లేదు”, “వాడితో వాదించే ఓపిక లేదు”. ఒంటినీ మనసునూ ఒక్క మాటలో పట్టే పదం ఇంతకన్నా నాకు కనబడలేదు.

‘కాలిపోయింది’ని మాత్రం పారేయకండి, అది నాయకుడి మాట. త్రీఫేజు మోటారుకు కరెంటు మూడు లైన్లలో వస్తుంది. నడుస్తుండగా ఒక ఫేజు, అంటే ఒక లైను, పోతే వెంటనే ఆగదు. మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు పెరిగి, వైండింగ్ వేడెక్కి, వార్నిష్ మాడిన వాసన వస్తుంది. ఫేజు ఎందుకు పోయిందో చూడకుండా కొత్త రాగితీగ చుట్టి బిగిస్తే మళ్ళీ కాలుతుంది. నాయిక పరిస్థితి అచ్చం అదే కాబట్టి, అతను ఉపమానం చెప్పక్కర్లేదు, తన పని మాట మాట్లాడితే చాలు.

తెనాలి నుంచి:
కోలుకునే మాటల్లోనూ జాగ్రత్త. పున్నమి ఘాట్ దగ్గర ఒక సాయంత్రం ‘సేదతీరుతుంది’. దిగ్భ్రమ నుంచి ‘తేరుకుంటుంది’. ‘కోలుకోవడం’ మాత్రం నెలల పని. ప్రేమకథల్లో తరచూ జరిగే పొరపాటు, కృష్ణ ఒడ్డున ఒక్క సన్నివేశంలో సేదతీరిన పిల్ల తర్వాతి పేజీకల్లా పూర్తిగా కోలుకోవడం. ఆఫీసు గంటలు తగ్గాలి, రాత్రి ఫోన్లు ఆగాలి, ఆమె నెత్తినున్న పనిలో కొంత ఇంకొకరికి వెళ్ళాలి. అతని ప్రేమ ఆ ఏర్పాట్లకు బదులు రాకూడదు, పక్కన ఉండాలి.

బెజవాడ నుంచి:
ఇలా మార్చాను, చూడండి.

“ఏమైందండీ?”
“ఓపిక లేదు.”
“ఒంట్లోనా, మాట్లాడ్డానికా?”
“రెండూ.”
“అయితే మాట్లాడకండి, కూర్చోండి. ఫేజు ఎక్కడ పోయిందో రేపు చూద్దాం.”

గుంటూరు నుంచి:
‘రేపు’ భలే పడిందండీ. మార్చకండి.