తుత్థాంజనం శిఖిగ్రీవం... చివర ‘కం’ అనా, ‘కే’ అనా?

తెనాలి: హాలుకు నీలం, ఆకుపచ్చ కలిసిన లేత రంగు వేయిద్దామనుకుంటున్నాం. పెయింటర్ ‘సీ గ్రీన్’ అంటాడు, మా అమ్మ ‘లేత మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) రంగు’ అంటుంది. అప్పట్నుంచి ఆ తుత్తం పేర్లు చెప్పే అమరకోశం ముక్కొకటి వదలడం లేదు: ‘తుత్థాంజనం శిఖిగ్రీవం వితున్నకమయూర...’ తర్వాత ‘కం’ అనా, ‘కే’ అనా?

విజయనగరం: ‘కే’. ద్వివచనం. వితున్నకం ఒకటి, మయూరకం ఒకటి. ‘కం’ అని చదివితే ఒక పేరు తగ్గిపోతుంది.

కర్నూలు: మాస్టారూ, ద్వివచనం సరే. మరి మన ‘మైలు’? మావాళ్ళు ‘మైలతుత్తం’ అంటారు. అది ‘మైల’, అంటే మురికే, అని నా నమ్మకం. రాగి పాత్రకు పట్టే చిలుము రంగు చూడండి, అదే కదా!

విజయనగరం: చిలుమును మైల అనడం నేనెక్కడా వినలేదండీ. తమిళంలో మయిల్ అంటే నెమలి. అమరుడు చెప్పిన పేర్లలోనూ శిఖిగ్రీవం, మయూరకం రెండూ నెమలివే. ఇంకేం కావాలి?

ఓరుగల్లు: నెమలిలో ఏ భాగం? మెడ నీలం, పింఛంలో పచ్చ ఎక్కువ. మా పోతన్న ‘మౌళిపరిసర్పిత పింఛమువాడు’ అన్నాడు. ఆ పద్యం ‘నల్లనివాడు’ అని మొదలవుతుంది, పింఛానికి మాత్రం రంగు చెప్పలేదు. ‘పరిసర్పిత’ అని కదలిక ఇచ్చి ఊరుకున్నాడు. పింఛం కదిలితే రంగు మారుతుందని తెలిసినవాడు ఒక్క పేరుకు కట్టుబడతాడా? ఆ ‘సర్ప’ దగ్గర నాలుక ఎలా జారుతుందో పైకి చదివి చూడండి.

రేపల్లె: పద్యం బాగుంది కానీ, మైలుతుత్తం పలుకు ముదురు నీలం, హాలుకు పనికిరాదు. సున్నం కలిస్తేనే లేతబడుతుంది. పంట తెగుళ్ళకు కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కిలో తుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. పిచికారీ చేశాక ఆకుల మీద ఆరిన మరక చూడండి, అమ్మగారు చెప్పే లేత రంగు అదే.

తెనాలి: అదేనండీ! గోడ మీద రెండడుగుల మేర వేసి చూశాం. ఉత్తరపు కిటికీ వెలుగులో నీలంగా ఉంది, రాత్రి పసుపు బల్బు కింద పచ్చగా తిరిగింది.

ఓరుగల్లు: పగలు మెడ, రాత్రి పింఛం. నేనన్నది అదే.

కర్నూలు: పింఛం సరే, ‘తుత్తం’లో ఒత్తు థ ఎటు పోయింది? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

విజయనగరం: తెలుగు నోట ఒత్తు నిలవదు, అంతే. మైల మాత్రం ఒప్పుకోను.